బరువు తగ్గించే ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నాను, చేయించుకున్నవారు చెప్పండి

వశిష్ఠ తీరం (పాలకొల్లు)

నమస్కారం. నాకు 38 ఏళ్లు. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు. బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) దాదాపు 45 అన్నారు. ఆరేళ్లుగా షుగర్ ఉంది, రెండు రకాల మాత్రలు వాడుతున్నాను. మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తాయి. నా గురకతో రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. తిండి తగ్గించడం, నడక, నూనె మానడం అన్నీ చేశాను. తగ్గిన ప్రతిసారీ, తగ్గినదానికంటే ఎక్కువే మళ్లీ పెరిగాను. విజయవాడలో ఒక సర్జన్‌ను కలిశాం. పొట్టను చిన్నది చేసే రెండు రకాల్లో, స్లీవ్ అయినా బైపాస్ అయినా చేయవచ్చు, పరీక్షలన్నీ చూసి నిర్ణయిద్దాం అన్నారు.

మాది ఉమ్మడి కుటుంబం. అత్తమామలు, మరిది కుటుంబం, పిల్లలు, ఇవి కాక రొయ్యల చెరువుల దగ్గర పనివాళ్లకు క్యారియర్లు. వంటిల్లు చాలావరకు నా చేతుల మీదే నడుస్తుంది. మా వారు ఒప్పుకున్నారు. అత్తయ్యగారు మాత్రం "కడుపు కోయించుకోవడం ఏమిటమ్మా, పిల్లలు చిన్నవాళ్లు" అంటున్నారు. ఆవిడ భయంలో తప్పేమీ లేదు.

ఆపరేషన్‌కు ముందు ఏం సిద్ధం చేసుకుంటే తర్వాత సులువవుతుంది? ఏ రకం ఎంచుకోవాలి? ఇంత పెద్ద వంటింట్లో నా తిండి నేను విడిగా ఎలా చూసుకోవాలి? దయచేసి వివరంగా రాయండి.

గౌతమి గట్టు (రావులపాలెం)

అమ్మా, నాకు బైపాస్ అయి నాలుగేళ్లు దాటింది. అప్పుడు 124 కిలోలు ఉండేదాన్ని, ఇప్పుడు 79. షుగర్ మాత్రలు ఆగిపోయాయి. బీపీ మాత్ర ఒకటి ఇంకా ఉంది. మాదీ పెద్ద ఇల్లే కాబట్టి మీ మూడో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఆపరేషన్ గురించి డాక్టర్లు చెబుతారు, వంటింటి గురించి మాత్రం ఎవరూ చెప్పరు.

మన ఇళ్లలో కోడలు ఆఖరున తింటుంది. మగవాళ్లు, పిల్లలు, చుట్టాలు, పనివాళ్లు అందరూ లేచాక గిన్నెల్లో మిగిలింది మన భోజనం. అప్పటికి మధ్యాహ్నం మూడు. ఆ ఆకలికి ఎంత తింటున్నామో తెలియదు. ఈలోగా ఉప్పు చూడటం, కారం చూడటం, పిల్లవాడు వదిలేసిన ముద్ద పారేయలేక నోట్లో వేసుకోవడం. ఇదేదీ ఎవరి లెక్కలోకీ రాదు. ఆపరేషన్ తర్వాత ఇలా ఒక్కరోజు కూడా కుదరదు. కొద్దికొద్దిగా, వేళకు, కూర్చుని, నెమ్మదిగా తినాలి. ఒక చిన్న గిన్నెడు తినడానికి అరగంట పడుతుంది. అందుకని ఆపరేషన్ తేదీ ఖరారు కాకముందే ఇంట్లో ఒక మాట గట్టిగా చెప్పండి: ఇకపై మీ భోజనం ముందు, వడ్డన తర్వాత. దీన్ని ఇప్పుడే మొదలుపెట్టండి. ఆపరేషన్ అయ్యాక అడిగితే అది రోగికి చేసే జాలి అవుతుంది, కోలుకున్నాక తీసేస్తారు. ఇప్పుడే అలవాటైతే అది ఇంటి పద్ధతి అవుతుంది.

రెండోది, కనీసం నెలన్నరపాటు వంట వేరొకరికి అప్పగించండి. నేను తోడికోడలితో ముందే మాట్లాడుకున్నాను. పోపు వాసన మధ్య నిలబడి, మనం మాత్రం పప్పుకట్టు తాగుతూ పదిమందికి వండటం మొదటి వారాల్లో చాలా కష్టం. బరువైన అన్నం గుండిగలు, డేగిసాలు దించకూడదు కూడా. ఉప్పు చూసే పని పిల్లలకు ఇవ్వండి.

రొయ్యల చెరువు (భీమవరం)

నాది స్లీవ్ అండి. వయసు 44. రెండేళ్లు దాటింది. 138 నుంచి 96కు వచ్చాను.

రకం గురించి నాకు అర్థమైనట్టు చెబుతాను. స్లీవ్‌లో పొట్టలో దాదాపు మూడొంతుల నుంచి 80 శాతం దాకా తీసేస్తారు, మిగిలింది అరటికాయ ఆకారంలో సన్నని గొట్టంలా ఉంటుంది. తీసేసిన భాగంలోనే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారవుతుంది కాబట్టి ఆకలి కూడా తగ్గుతుంది. తీసేసింది మళ్లీ పెట్టడం ఉండదు. బైపాస్‌లో పొట్ట పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. మన దగ్గర మినీ బైపాస్ కూడా బాగానే చేస్తున్నారు. అందులో పేగును రెండుచోట్ల కాక ఒకేచోట కలుపుతారు.

మీకు గుండెల్లో మంట, పుల్లటి తేనుపులు ఉంటే సర్జన్‌కు తప్పకుండా చెప్పండి. స్లీవ్ తర్వాత అవి పెరగవచ్చు. నాకు మంట అంతకుముందు లేదు, ఇప్పుడు అప్పుడప్పుడూ వస్తుంది, మాత్ర వేసుకుంటున్నాను. షుగర్ ఉన్నవారికి బైపాస్ కొంచెం ఎక్కువ మేలు చేస్తుందని నాకూ చెప్పారు. కానీ విటమిన్ల లోపం అందులో ఎక్కువ. ఎవరి శరీరానికి ఏది సరిపోతుందో ఎండోస్కోపీ చూశాకే తేలుతుంది. పక్కింటి వారికి ఏది చేశారన్నది మనకు అక్కర్లేదు.

ఇంకొకటి. ఆపరేషన్‌కు కనీసం ఆరు వారాల ముందే సిగరెట్, చుట్ట, ఖైనీ అన్నీ ఆపేయాలి. మా లంకల్లో పొగాకు పండించే ఇళ్లలో పుట్టినవాడిని, నాకు అదే అన్నిటికంటే కష్టమైంది. పొగ తాగితే కుట్లు మానవు, ఊపిరితిత్తుల సమస్యలు వస్తాయి, బైపాస్ అయితే అతుకు దగ్గర పుండ్లు పడతాయి. ఇది మీకు వర్తించదు, చదివే మగవారి కోసం రాస్తున్నాను. మందు విషయం కూడా అంతే. తర్వాత కొంచెం తాగినా వెంటనే తలకెక్కుతుంది. తిండి మీది మోజు తాగుడు మీదికి మళ్లినవారున్నారు.

కొబ్బరాకు (అమలాపురం)

అందరూ ఆపరేషన్ ఖాయమైనట్టే మాట్లాడుతున్నారు. ఇప్పుడు ఇంజెక్షన్లు వచ్చాయి కదా. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. వారానికి ఒక సూది. కోత లేదు. 38 ఏళ్ల ఆడపిల్ల, చిన్న పిల్లల తల్లి, పొట్ట కోయించుకునే ముందు అది ఎందుకు ప్రయత్నించకూడదు? మా బంధువుల్లో ఒకరు ఏడు నెలల్లో బాగా తగ్గారు.

గౌతమి గట్టు (రావులపాలెం)

అడగవలసిన ప్రశ్నే అడిగారు. ఇంజెక్షన్లు మంచి మందులే. టిర్జెపటైడ్ (మౌంజారోలో ఉండే మందు) పెద్ద మోతాదు మీద ఏడాదిన్నరలో సగటున 20 శాతం దాకా బరువు తగ్గినట్టు పరిశోధనల్లో తేలింది. బీఎంఐ తక్కువ ఉన్నవారికి అది చాలవచ్చు. అయితే ఆపితే చాలామందికి బరువు తిరిగి వస్తోంది, అంటే నెలనెలా ఖర్చు ఆగదు. ఆపరేషన్‌తో మొత్తం బరువులో పావు వంతు, కొందరికి అంతకన్నా ఎక్కువ తగ్గుతుంది, ఏళ్లపాటు నిలుస్తుంది. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి నాలుగు వేల మందికి పైగా ఊబకాయం ఉన్నవారిని గమనించారు. ఆపరేషన్ చేయించుకున్నవారిలో మరణాలు తక్కువగా ఉన్నట్టు 2007లో ప్రచురించారు. కోత అంటే భయం సహజం. 45 బీఎంఐతో, షుగర్‌తో, ఊపిరి ఆగే గురకతో ఇంకో ఇరవై ఏళ్లు బతకడంలోనూ భయపడవలసింది ఉంది.

వార్డు నర్సు (తణుకు)

ఇంజెక్షన్ల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ఈ సూదులు వాడుతున్నవారు ఏ ఆపరేషన్‌కు వెళ్లినా మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. ఇవి పొట్ట ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తాయి. ఉపవాసం ఉన్నా పొట్టలో ఆహారం మిగిలి ఉండి, మత్తులో ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది.

వశిష్ఠ తీరం గారూ, మీరు వాడే రెండు షుగర్ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్ గానీ ఎంపాగ్లిఫ్లోజిన్ గానీ ఉందేమో చీటీ చూసుకోండి. ఉంటే ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. ముందుగా పెట్టే పథ్యం మొదలైన రోజే ఆపమనే డాక్టర్లూ ఉన్నారు. తిండి తగ్గినప్పుడు ఈ మందు వాడితే, షుగర్ ఎక్కువగా కనబడకపోయినా ఒంట్లో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. గ్లిమెపిరైడ్ రకం ఉంటే పథ్యంలో షుగర్ పడిపోతుంది, మోతాదు తగ్గించాలి. మీ అంతట మీరు ఆపవద్దు, మీ షుగర్ డాక్టరును, సర్జన్‌ను కలిపి మాట్లాడించండి. మీ మందుల చీటీ మొత్తం, ఆయుర్వేదంతో సహా, ఒక కాగితం మీద రాసుకుని తీసుకువెళ్లండి.

గురక ఉందన్నారు. నిద్ర పరీక్ష చేయిస్తారు. ఊపిరి ఆగుతున్నట్టు తేలితే నిద్రలో గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ యంత్రం ఇస్తారు. కొందరు ముఖానికి తొడుగు పెట్టుకోలేక పక్కన పెట్టేస్తారు. దయచేసి అలా చేయవద్దు. ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాలు వాడితే గుండెకు, ఊపిరికి ఎంతో మేలు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ యంత్రం మీ సంచిలోనే ఉండాలి.

వశిష్ఠ తీరం (పాలకొల్లు)

నర్సు గారూ, ఇప్పుడే చీటీ చూశాను. ఒకటి మెట్‌ఫార్మిన్, రెండోది డాపాగ్లిఫ్లోజిన్. రేపే ఫోను చేస్తాను. మీరు చెప్పకపోతే ఈ మాట నేను అడిగేదాన్నే కాదు.

"ముందుగా పెట్టే పథ్యం" అన్నారు, అది ఏమిటి? అప్పటికి ఏమీ కోయలేదు కదా, ముందే ఎందుకు?

ఆహార నియమం (కాకినాడ)

నేను డైటీషియన్‌ను. ఈ ప్రశ్న అందరూ అడుగుతారు.

ఊబకాయంలో కాలేయానికి కొవ్వు పట్టి పెద్దదవుతుంది. దాని ఎడమ భాగం సరిగ్గా పొట్ట మీదే ఉంటుంది. సర్జన్ దాన్ని ఎత్తి పట్టుకుని కింద పని చేయాలి. పెద్దగా, బరువుగా ఉంటే చూపు ఆనదు, గీరుకుని రక్తం వస్తుంది. కొన్నిసార్లు ఆపరేషన్ మధ్యలో ఆపవలసి వస్తుంది. అందుకే సుమారు రెండు వారాలు పిండిపదార్థాలు, కొవ్వు బాగా తగ్గించి, ప్రొటీన్ ఉంచి, రోజుకు సుమారు 800 నుంచి 1,200 కేలరీల మధ్య పథ్యం పెడతారు. కాలేయం త్వరగానే కుంచించుకుంటుంది. కాబట్టి ఇది సర్జన్ చేతికి చోటు కల్పించే పని. "ఇక మళ్లీ తినలేను" అని ఆ రెండు వారాల్లో పూతరేకులు, కాజాలు, బిర్యానీలకు వీడ్కోలు విందులు చేసుకునేవారిని చూశాను. అది నేరుగా ఆపరేషన్ బల్ల మీద మీకే అడ్డం వస్తుంది.

మన ఇంటి ఆహారంలోనే దీన్ని అమర్చవచ్చు: వెన్న తీసిన మజ్జిగ, గుడ్డు తెల్లసొనలు, ఉడికించిన చేప, ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ కూరలు నూనె చుక్కతో, చారు, డాక్టరు రాసిన ప్రొటీన్ పొడి. అన్నం మాత్రం దాదాపు ఉండదు. మూడు పూటలా అన్నం తినే మన జిల్లాల వారికి మొదటి మూడు రోజులు తలనొప్పి, చిరాకు ఉంటాయి. నాలుగో రోజు నుంచి తగ్గుతాయి.

తర్వాతి క్రమం కూడా చెబుతాను. మొదటి రెండు వారాలు పూర్తిగా ద్రవాలే: వడకట్టిన పప్పుకట్టు, పలచని మజ్జిగ, చారు తేట, ప్రొటీన్ కలిపిన వెన్నలేని పాలు. తర్వాత రెండు వారాలు మెత్తగా మెదిపినవి. ఆ తర్వాత మెత్తని ఘన పదార్థాలు, ఇంకొంత కాలానికి మామూలు తిండి. ఆసుపత్రిని బట్టి రోజులు కొంచెం మారతాయి, వారి కాగితమే పాటించండి. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ అందాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములే ఉంటుంది కాబట్టి లెక్క వేసుకోకపోతే అందదు. కంచంలో ముందు ప్రొటీన్, తర్వాత కూర, చోటుంటే అప్పుడు అన్నం. అన్నం, మైదా రొట్టె పొట్ట దగ్గర ముద్దకట్టి నొప్పి పుట్టిస్తాయి.

ఈ విషయంలో గోదావరి జిల్లాల వారికి ఒక అదృష్టం ఉంది, చేప. మాంసం నమలలేని దశలో కూడా చేప దిగుతుంది. పండుగప్ప, కొరమీను ముళ్లు తక్కువ, కండ మెత్తన. ఆవిరి మీద ఉడికించి చిదిపి తినవచ్చు. రొయ్యలు గట్టిగా ఉంటాయి, కొంతకాలం ఆగండి. పులస రుచి ఎవరూ కాదనలేరు గానీ సన్నముళ్లు, నూనె రెండూ ఎక్కువే. మొదటి ఏడాది వరదలకు దాన్ని వదిలేయండి.

కోటిపల్లి రేవు

ఒక విషయం తప్పకుండా రాయాలని వచ్చాను. మా బావమరిదికి వేరే ఊళ్లో బైపాస్ చేశారు. ఇంటికి వచ్చాక వాంతులు పట్టుకున్నాయి. "కొత్తలో అలాగే ఉంటుంది" అని ఇంట్లో అందరం అనుకున్నాం, ఫోనులో అడిగినప్పుడు అక్కడివారూ అదే అన్నారు. రెండు వారాలకు పైగా తిన్నదేదీ నిలవలేదు. తర్వాత కాళ్లు తిమ్మిర్లు, నడక తూలడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం. రాజమహేంద్రవరంలో ఒక పెద్ద డాక్టరు చూసి థయామిన్, అంటే బీ1 విటమిన్ పూర్తిగా అడుగంటిందని చెప్పి సూదులు మొదలుపెట్టారు. బతికాడు, నడుస్తున్నాడు, కానీ పాదాల మంట పూర్తిగా పోలేదు.

ఆ డాక్టరుగారు చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. ఒకప్పుడు మన సర్కారు జిల్లాల్లో మరపట్టిన తెల్లబియ్యం మీదే బతికినవారికి బెరిబెరి వచ్చేదట, ఇదీ అదే లోపం. ఒంట్లో ఈ విటమిన్ నిల్వ కొన్ని వారాలకు మించి ఉండదు. కాబట్టి ఒకటి రెండు రోజులకు మించి వాంతులు ఆగకపోతే ఊరుకోవద్దు. గ్లూకోజు ఎక్కించే ముందు బీ1 ఇవ్వాలని కూడా చెప్పండి. మన ఊళ్లలో నీరసంగా ఉందనగానే ముందు గ్లూకోజు సీసా వేలాడదీస్తారు.

వార్డు నర్సు (తణుకు)

కోటిపల్లి రేవు గారు రాసింది ప్రతి ఒక్కరూ చదవాలి. దానితో పాటు ఇంకొన్ని గుర్తులు. ఆపరేషన్ అయిన తొలి వారాల్లో నాడి నిమిషానికి 120 దాటి ఉండటం, జ్వరం, పెరిగే కడుపునొప్పి, ఎడమ భుజం నొప్పి, ఆయాసం కనిపిస్తే లోపల పొట్ట కుట్ల దగ్గర కారుతోందేమోనని అనుమానించాలి. పిక్కలో నొప్పి, వాపు వచ్చినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. రాత్రయినా సరే ఆపరేషన్ చేసినవారికి ఫోను చేయండి. ఆ నంబరు ఇంట్లో ముగ్గురి ఫోనుల్లో ఉండాలి.

మొదటి రెండు మూడు రోజుల భుజం నొప్పి మాత్రం చాలామందికి ఆపరేషన్ చేసేటప్పుడు పొట్టలోకి పంపిన గ్యాసు వల్ల వస్తుంది, నడిస్తే తగ్గుతుంది. ఏది ఏదో మీరు తేల్చుకోవద్దు, అడగండి.

ఇంకో చిన్న విషయం, ఆడవారికి. పొట్ట మీద నాలుగైదు చిన్న రంధ్రాలు ఉంటాయి. లంగా బొందు సరిగ్గా వాటి మీద ఒరుసుకుంటుంది. కొన్ని వారాలు వదులు నైటీలు వేసుకోండి. మూడు బంతుల ఊపిరి పరికరం ఇప్పుడే కొనుక్కుని రోజూ సాధన చేయండి, ఆపరేషన్ తర్వాత నొప్పిలో నేర్చుకోవడం కష్టం.

పెద్దవంతెన (రాజమహేంద్రవరం)

నేను బీమా రంగంలో పనిచేసి రిటైరయ్యాను, ఆ సంగతి చెబుతాను. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో మినహాయింపులకు ఒకే రకమైన భాష తెచ్చింది. దాని ప్రకారం ఊబకాయ ఆపరేషన్‌కు బీమా వర్తించాలంటే డాక్టరు సలహా ఉండాలి, వయసు 18 నిండాలి, బీఎంఐ 40 లేదా అంతకుమించి ఉండాలి. 35 నుంచి 40 మధ్య ఉంటే తీవ్రమైన నిద్ర ఊపిరి సమస్య, అదుపులో లేని రెండో రకం షుగర్, గుండెజబ్బు వంటి వాటిలో ఒకటి ఉండి, కోత లేని పద్ధతులు ఫలించలేదని తేలాలి.

ఇక్కడే చాలామందికి ఇబ్బంది. మన శరీరాలకు తక్కువ బరువులోనే షుగర్, గుండెజబ్బులు వస్తాయి కాబట్టి భారతదేశంలో డాక్టర్లు బీఎంఐ 37.5 నుంచి, జబ్బులుంటే 32.5 నుంచే ఆపరేషన్ గురించి ఆలోచిస్తూ వచ్చారు. 2022లో అంతర్జాతీయ సంఘాలు ఆసియా వారికి 27.5 నుంచి కూడా పరిశీలించవచ్చని చెప్పాయి. బీమా కాగితం మాత్రం ఇంకా 35, 40 దగ్గరే ఉంది. అంటే డాక్టరుకు అవసరం అనిపించినా బీమా రాని వారు ఎందరో. ఇది మారాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేను ఒకడిని.

మీ బీఎంఐ 45 కాబట్టి ఆ షరతు మీకు అడ్డు కాదు. పాలసీలో నిరీక్షణ కాలం గడిచిందా, షుగర్ ఉన్నట్టు ముందే రాశారా చూసుకోండి. పాత బరువు నమోదులు, డైటీషియన్ చీటీలు, షుగర్ రిపోర్టులు అన్నీ ఒక ఫైలులో పెట్టండి. ముందస్తు అనుమతి వచ్చాకే చేరండి.

ఉండి కాలువ

నాకు 26 ఏళ్లు. బీఎంఐ 41. పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. ఆపరేషన్ చేయించుకున్నట్టు చెబితే సంబంధాలు రావని అమ్మ అంటోంది. పీసీఓడీ (అండాశయాల సమస్య) కూడా ఉంది. పిల్లలు పుట్టడానికి అడ్డం అవుతుందా?

గౌతమి గట్టు (రావులపాలెం)

తల్లీ, అడ్డం కాదు, ఇంకా మంచిది. బరువు తగ్గితే నెలసరి సరిపడుతుంది, గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. అయితే ఆపరేషన్ అయ్యాక 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. బరువు వేగంగా తగ్గే ఆ కాలంలో బిడ్డకు పోషణ చాలదు. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటబట్టకపోవచ్చు, వేరే పద్ధతి గురించి స్త్రీల డాక్టరును అడగాలి. కాబట్టి పెళ్లి ఎప్పుడో లెక్క వేసుకుని ఆపరేషన్ తేదీ పెట్టుకోండి.

దాచడం గురించి నా మాట వేరుగా ఉంటుంది. ఊరందరికీ చెప్పనక్కర్లేదు. జీవితాంతం నీ పక్కన కూర్చుని భోంచేసేవాడికి మాత్రం చెప్పాలి. దాచి పెళ్లి చేసుకుంటే అత్తవారింట్లో మొదటి పండుగ భోజనం దగ్గరే ఇరుకునపడతావు. ఈ కారణంగా తప్పుకునే సంబంధం తప్పుకోవడమే మంచిది.

రొయ్యల చెరువు (భీమవరం)

చెప్పడం విషయంలో అక్కతో పూర్తిగా ఏకీభవించలేను. నేను దగ్గరివారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. పెళ్లి భోజనంలో "పొట్ట బాగాలేదండి" అని ఊరుకుంటాను. మన మర్యాదల్లో వద్దన్నకొద్దీ విస్తట్లో కొసరి వేస్తారు. ప్రతి బంతిలో ఆపరేషన్ కథ వివరించే ఓపిక అందరికీ ఉండదు. కాబోయే భర్తకు చెప్పాలన్నది మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం.

విందుల్లో నా పద్ధతి: ఇంటి దగ్గరే ప్రొటీన్ తిని వెళతాను, నీళ్లు భోజనానికి అరగంట ముందే ఆపేస్తాను, తిన్నాక అరగంట దాకా తాగను. సంక్రాంతికి వచ్చే తీపి గురించి జాగ్రత్త. బైపాస్ వారికి తీపి తింటే గుండెదడ, చెమటలు, నీరసం వచ్చి హెచ్చరిక అందుతుంది. స్లీవ్ వారికి చాలాసార్లు అది కూడా రాదు. పూతరేకు నోట్లో కరిగి నేరుగా జారిపోతుంది, కడుపు నిండినట్టే ఉండదు. ఇలా జారిపోయేవే, అంటే ఐస్‌క్రీములు, పండ్లరసాలు, కారప్పూస, మూడో ఏడాది నుంచి బరువును వెనక్కి తెస్తాయి.

ఆహార నియమం (కాకినాడ)

విటమిన్లు జీవితాంతం. ఇది ఎంత చెప్పినా రెండో ఏడాదికి ఆపేస్తున్నారు, "ఇప్పుడు బాగానే ఉన్నాను కదా" అని. బీ12, ఐరన్, డీ విటమిన్, కాల్షియం, మల్టీవిటమిన్. కాల్షియం సిట్రేట్ రకం తీసుకోండి, రోజు మొత్తానికి 1,200 నుంచి 1,500 మిల్లీగ్రాములు, రెండు మూడు దఫాలుగా. ఐరన్‌కు, కాల్షియంకు మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి. మూడో నెల, ఆరో నెల, ఏడాదికి, తర్వాత ఏటా రక్తపరీక్షలు. మూడో నెల నుంచి జుట్టు బాగా ఊడుతుంది, భయపడవద్దు. ప్రొటీన్, ఐరన్ సరిగా ఉంటే తిరిగి వస్తుంది.

మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకునే అలవాటు ఉంటే ఇకపై మానాలి, బైపాస్ వారు మరీ ముఖ్యంగా. పుండ్లు పడి రక్తస్రావం అవుతుంది. "నాకు ఈ ఆపరేషన్ అయింది, ఈ మందులు ఇవ్వవద్దు" అని తెలుగులో రాసిన కార్డు పర్సులో పెట్టుకోండి.

ఇంకో మాట, వీలైతే తేదీని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోవద్దు. డెల్టా ఉక్కపోతలో కారిపోయే చెమటకు తగిన నీరు ఒక్కో గుటకగా తాగి పూడ్చడం కష్టం. ఆసుపత్రికి తిరిగి రావలసి రావడానికి నీరు తగ్గడం ఒక ముఖ్య కారణం. మూత్రం ముదురు రంగులోకి మారితే నీళ్లు చాలడం లేదని అర్థం. మూత్రపిండాల జబ్బు లేకపోతే కొబ్బరినీళ్లు కొద్దికొద్దిగా తాగవచ్చు, కానీ అందులోనూ చక్కెర ఉంది, రోజుకు ఒక బొండం చాలు.

కొబ్బరాకు (అమలాపురం)

అందరివీ చదివాను. నా సందేహం ఇంకా పూర్తిగా పోలేదు, కానీ ఇది తేలిగ్గా తీసుకున్న నిర్ణయం కాదని అర్థమైంది. అమ్మా, మీ అత్తయ్యగారిని కూడా సర్జన్ దగ్గరకు తీసుకువెళ్లండి. ఆవిడ అడగాలనుకున్నవి ఆవిడే అడగనివ్వండి.

వశిష్ఠ తీరం (పాలకొల్లు)

అత్తయ్యగారికి ఈ జవాబులు చదివి వినిపించాను. కోడలు ఆఖరున తినడం గురించి రాసింది రెండుసార్లు చదవమన్నారు. వచ్చే వారం మాతో విజయవాడ వస్తానన్నారు. డాపాగ్లిఫ్లోజిన్ విషయం సర్జన్‌కు చెప్పాను, పథ్యం మొదలయ్యే రోజే ఆపమని, షుగర్ రోజూ చూసుకోమని చెప్పారు. గుండెల్లో మంట ఉన్నందువల్ల బైపాస్ వైపే మొగ్గు చూపుతున్నారు.

కొత్త సందేహం ఒకటి. ఎండోస్కోపీలో హెచ్ పైలోరీ అనే సూక్ష్మజీవి ఉందన్నారు. 14 రోజుల మందులు రాశారు. తేదీ వెనక్కి పోతుందా?

వార్డు నర్సు (తణుకు)

పోవచ్చు, పోనివ్వండి. అది ఉండగా చేస్తే పుండ్లు పడే ప్రమాదం ఎక్కువ కాబట్టి ముందు దాన్ని వదిలించడమే మంచిది. మందులు మధ్యలో ఆపకండి, కొందరు నోరు చేదుగా ఉందని, కడుపులో తిప్పుతోందని ఆపేస్తారు. పోయిందో లేదో ఊపిరి పరీక్షతో గానీ మల పరీక్షతో గానీ చూస్తారు. యాంటీబయాటిక్స్ పూర్తయి కనీసం నాలుగు వారాలు కావాలి, గ్యాసు మాత్రలు రెండు వారాల ముందు ఆపి ఉండాలి, లేకపోతే ఉన్నా లేనట్టు చూపిస్తుంది.

మెట్‌ఫార్మిన్ గురించి కూడా వెళ్లినప్పుడే అడగండి. చీటీ మీద పేరు పక్కన ఎస్ఆర్ లేదా ఎక్స్ఆర్ అని ఉంటే అది నెమ్మదిగా కరిగే రకం, నలిపి వేసుకోకూడదు. ఆపరేషన్ తర్వాత పెద్ద మాత్రలు మింగడం కష్టమవుతుంది కాబట్టి మామూలు రకానికి మార్చమంటారేమో కనుక్కోండి. ఆపరేషన్ అయ్యాక విజయవాడ నుంచి కారులో తిరిగి వచ్చేటప్పుడు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా, గంటకొకసారి ఆపి, దిగి, పది నిమిషాలు నడవండి.